నాలుగు వందల మగ్గాలూ ఒక విశేషణమూ

నాలుగు వందల మరమగ్గాలను ఒక్క చేత్తో, ఒక్క ఊపిరిలో ఆపేసిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు మూడో అంతస్తు వరండాలో చెక్క బెంచీ మీద కూర్చుని, మనవరాలు రాసిన లావుపాటి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, నూట పన్నెండో పేజీ అంచున పెన్సిల్‌తో రాసి ఉన్న ఒక ఇంగ్లీషు మాట కేసి కళ్లజోడు ఎత్తీ దించీ చూస్తున్నాడు. పది అక్షరాలు, రెండుసార్లు లెక్కపెట్టాడు. అక్షరాలన్నీ తెలిసినవే, మగ్గాల మీది ఇత్తడి బిళ్లలు తుడిచి తుడిచి నేర్చుకున్నవి, కానీ మేకులన్నీ తెలిసినంత మాత్రాన కుర్చీ తెలిసినట్టా. పొద్దున బస్సులో అడిగాడు, ఏమిటే ఇది, తిట్టా అని. తిట్టు కాదు తాతయ్యా అంది. మరి మెచ్చుకోలా అంటే అదీ కాదంది, పరీక్ష అయ్యాక చెప్తానంది, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టూ మెచ్చుకోలూ కాని మాటని డెబ్భై ఎనిమిదేళ్లలో ఆయన ఎవరి నోటా వినలేదు, ఆయన్ని చూసి మాట్లాడిన వాళ్లెవరూ ఆ రెంటి మధ్యా ఆగలేదు. తలుపుకున్న గాజుపలక అవతల, పొడుగు బల్ల దగ్గర మనవరాలు ఇటువైపు మొహం పెట్టి కూర్చుంది, పక్కగా పరీక్ష చేసేవాళ్లు, అందులో ఒక పెద్దావిడకి చెవి మీద పెన్సిల్. ఆ పెన్సిలే ఈ పని చేసి ఉంటుంది. ఈ గంట గట్టెక్కితే పిల్ల డాక్టరవుతుంది, సూది పొడిచే డాక్టరు కాదు, చదువు డాక్టరు. నాలుగో అధ్యాయం నిలబడకపోతే మాత్రం అదంతా మళ్లీ మొదటి నుంచి, ఇంకో ఏడాది, ఈలోగా వచ్చే నెల చేరాల్సిన పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఇంకెవరో కూర్చుంటారు. నాలుగో అధ్యాయం నిలబడ్డది ఈయన చెప్పిన కథ మీద. ఆ కథ పక్కనే ఈ పది అక్షరాలు.

మాటకి చప్పుడు అక్కర్లేదని ఆయనకి ఇరవయ్యో ఏటే తెలిసింది. మగ్గాల షెడ్డులో అడుగు పెట్టిన మొదటి రోజున, నాడెలు అటూ ఇటూ తన్నుకునే మోతకి పళ్లు కూడా వణుకుతుంటే, ఎవరినో దారి అడగబోయి గొంతు చించుకున్నాడు, తన కేక తనకే వినపడలేదు. అక్కడ కేకలు పెట్టేవాడంటే కొత్తవాడని అర్థం. పాతవాళ్లు గొంతు కట్టేసి, పెదవులు మాత్రం బాగా విప్పి, మొహంతో మాట్లాడుకునేవాళ్లు, ఇరవై గజాల అవతల పడుగు సవరిస్తున్న మనిషితో ఇవాళ నీ మొహం ఉబ్బిందేమిటని అడిగేవాళ్లు, జవాబు పుచ్చుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, ఇంత మోతలో ఒక్క మాట పోయేది కాదు. అలవాటు ఒంటికి పట్టేశాక వదలదు. సెలవు రోజు సబ్బు కొనడానికి కొట్టుకి వెళ్లి, మూడుసార్లు శుభ్రంగా పెదవులు కదిపాడు, సబ్బు, సబ్బు, సబ్బు అని, గొంతు తెరవాలన్న సంగతే గుర్తు లేదు. కొట్టువాడు జాలిపడి పలకా బలపం ఇచ్చాడు. పెళ్లయ్యాక ఇంట్లోనూ అంతే, ఆవిడదీ ఆ షెడ్డే, మగ్గాలన్నిటినీ తిప్పే లైన్ షాఫ్టు చివర్న మగ్గం ఆవిడది, ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి ఒకళ్లనొకళ్లు కడిగి ఆరేసుకునేవాళ్లు, ఒక్క చప్పుడు లేకుండా. పక్కింటావిడ తన కూతుళ్లకి చెప్పేదట, ఆ ఇంటిని చూసి నేర్చుకోండే, పెళ్లయి ఇన్నేళ్లయినా పల్లెత్తు మాట లేదు అని. పల్లెత్తలేదు నిజమే, పెదవులు ఎత్తిన మాటలు వింటే పక్కింటి గోడ కూలేది.

వరండాలో ఎవరో తడిబట్టతో నేల తుడిచి వెళ్లారు, తేమ వాసన వస్తోంది, షెడ్డులో ఈ వాసనే ఉండేది, పడుగు తెగకుండా గాలిలో తేమ పెట్టేవాళ్లు. ఎక్కడికెళ్లినా ముక్కు ముందు అక్కడికే పోతుంది. ఆ కథని ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు? పెళ్లిళ్లలో, బస్సుల్లో, మంగలి కుర్చీలో సగం గడ్డం మీద. షెడ్డుకి ఆ చివర మగ్గం దగ్గర ఒక పిల్ల జడ బెల్టులో చిక్కుకుంది, అరిచింది, ఎవరికి వినపడుతుంది, పక్క మగ్గం ఆమె తలెత్తి ఆ పెదవులు చూసింది, ఆపండి, ఆ మాటని అందుకుని పక్కకి తిరిగి పెదవులతో అంది, ఆమె చూసి ఆ పక్కకి, ఆపండి, ఆపండి, అలా మగ్గం నుంచి మగ్గానికి మాట పరిగెత్తింది, వరసలు దాటింది, అరవై గజాల దూరంలో ఈయన చూశాడు, ఎగిరి పెద్ద మీట పట్టుకుని లాగాడు, నాలుగు వందల మగ్గాలు ఒక్క ఊపిరిలో ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎంతదంటే, మేనేజరు తనకి చెవుడొచ్చిందనుకుని రెండు చెవులూ పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడ జనం నవ్వాలి, నవ్వేవాళ్లు. మిల్లు జనం అయితే మరీ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు, అది తన చెప్పే నేర్పు అనుకునేవాడు, పన్నెండేళ్లపాటు అలాగే అనుకున్నాడు. ఒక రోజు ఎవరింట్లోనో అద్దాల బీరువాకి ఎదురుగా కూర్చుని చెప్తుంటే అద్దంలో కనపడింది, వెనకాల నిలబడ్డ తన భార్య, సరిగ్గా మీట దగ్గరికి వచ్చేసరికి, చప్పుడు లేకుండా పెదవులు విప్పి, వేలితో గుండె మీద కొట్టుకుని అంటోంది, నేను. లాగింది నేను. ఆ తర్వాత కూడా ఆయన చెప్పడం మానలేదు, ఆవిడ అనడం మానలేదు. మిల్లు వాళ్లకి రెండు కథలు, మిగతా వాళ్లకి ఒక్కటి.

బెంచీ ఎదురుగా చిన్న బల్ల వేసుకుని కాగితాలకి చిల్లులు పొడుస్తున్న గుమాస్తా అమ్మాయి ఇటే చూస్తోంది.

"తాతగారూ, అరగంట నుంచి ఒకే పేజీ చదువుతున్నారు. అంత బాగుందా?"

"బాగుందో లేదో నువ్వు చెప్పాలి తల్లీ. ఈ మాటేమిటి?"

ఆమె లేచొచ్చి వంగి చూసింది. "అపోక్రిఫల్. అబ్బో. ఏడాదికి నలభై పుస్తకాలు నా చేతి మీదుగా పోతాయి, ఈ మాట ఎవరో ఒకరికి తగుల్తూనే ఉంటుంది."

"తగుల్తుందా? అంటే దెబ్బే అన్నమాట."

"ఉండండి, నా సొంత కవిత్వం ఎందుకు." గదుల మధ్య తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన నిఘంటువుని కాలితో జరిపి, రెండు చేతులతో ఎత్తుకొచ్చి బెంచీ మీద వేసింది. బెంచీ మూలిగింది. తలుపు వెనకాల ధడేలుమంది. "ఇదిగో. కథల గురించీ, ఫలానా వాళ్లు ఫలానాప్పుడు అన్నారటనే మాటల గురించీ వాడేది. పది మంది నోళ్లలో పడి తిరిగేది, నిజమేననిపించేది, కానీ నిజమని చూపించడానికి ఏమీ లేనిది. చాలావరకు నిజం కాకపోవచ్చు."

"అంటే అబద్ధం. ఆ మాటకి ఇంత చుట్టు ఎందుకు?"

"కాదు కదండీ. మొన్న మా పెద్ద గుమాస్తా కడుపునొప్పని సెలవు చీటీ పెట్టి సినిమాకెళ్లాడు, అది అబద్ధం. దీనికి అంత తేలిగ్గా పేరు రాదు. నలుగురూ ఇష్టపడి చెప్పుకోవాలి, కాస్త పాతబడాలి."

"మనిషిని అనొచ్చా? ఫలానావాడు ఒట్టి అపోక్రిఫల్ అని?"

"మనిషిని అనరు. మనిషిని అనడానికి వేరే మాటలున్నాయి, వాటికి డిక్షనరీ అక్కర్లేదు." నవ్వి, మళ్లీ వేలు పెట్టి చదివింది. "దీని ముందు సాధారణంగా బహుశా అని పెడతారట. మూలం గ్రీకు. అక్కడ దీనికి అర్థం, దాచిపెట్టినది."

ఆమె వెళ్లి చిల్లులు పొడుచుకుంటోంది, టక్, టక్, ఎంత నెమ్మదైన చప్పుడు, మగ్గం అయితే ఈపాటికి జానెడు బట్ట నేసేది. బహుశా. ఆ మాట ఆయనకి నచ్చింది, కొత్త చొక్కాలా తొడిగి చూసుకోబుద్ధేసింది. ఆయన పుట్టిన తేదీ, బడిలో చేర్చుకున్న రోజున మాస్టారు పళ్లు లెక్కపెట్టి, కిటికీలోంచి మబ్బు చూసి, తనకి తోచిన తేదీ రాసేసుకున్నాడు, డెబ్భై ఏళ్లుగా ప్రతి కాగితం మీదా అదే తిరుగుతోంది, అందరూ నమ్మారు, పింఛనాఫీసు నమ్మింది, చూపించడానికి ఏమీ లేదు, అపోక్రిఫల్, బహుశా. వాళ్ల నాన్న ఏరు దాటేటప్పుడు దూడని భుజాన వేసుకున్నాడన్న కథ, ఏటా ఆ దూడ పెరుగుతూ వచ్చి, ఆయన పోయే నాటికి ఎద్దయింది, ఇది నిస్సందేహంగా అపోక్రిఫల్, కాదు కాదు, నిస్సందేహంగా అంటే దీని పక్కన కుదరదు కదా. బాగుంది, ఇది తూనికరాయి లాంటి మాట కాదు, త్రాసు ముల్లు లాంటిది, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ పెన్సిలావిడ అబద్ధం అని రాసి ఉండొచ్చు, చిన్న మాట, ఆమెకి రాదా, రాయలేదు. పదక్షరాలు వెతుక్కుని రాసింది, అంటే కథని కొట్టెయ్యలేదు, అడుగుతోంది, దీని వెనక ఇంకెవరైనా ఉన్నారా, ఇంకో నోరు ఉందా అని. దాచిపెట్టినది. ఎవరు దాచారు?

ఇక్కడ ఎవరూ వినడం లేదు గనక నిజమే చెప్పుకుందాం. నాలుగు వందలు కాదులే, రెండు వందల పన్నెండు మగ్గాలు, నాలుగు వందలంటే నోటికి బాగుంటుందని అలా అయింది. ఆ పూట ఆయన మగ్గం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చేతికి గ్రీజు, నోట్లో నట్టు, పళ్ల చక్రం సరిచేస్తున్నాడు, పెదవుల మాట అరవై గజాలు పరిగెత్తిన మాట నిజమే, అది ఆయన బొటనవేళ్ల పక్క నుంచి పరిగెత్తుకుపోయింది, ఆయన చూసింది చక్రాన్ని. షాఫ్టు చివర మగ్గం ఆమెకి అందింది. పెద్ద మీట మనిషికంటే ఎత్తున ఉంటుంది, మేస్త్రీల ఎత్తుకి పెట్టారు, ఆమె కండెల పెట్టెని కాలితో లాక్కుని, ఎక్కి, రెండు చేతులతో మీటకి వేలాడింది, పెట్టె దొర్లిపోయింది, ఆమె వేలాడుతూనే ఉంది, మీట దిగింది. ఆ పిల్లకి జడ సగం పోయింది, తల దక్కింది. చెవులు పట్టుకున్న మేనేజరు, అది మాత్రం నిజం, పరిగెత్తుకొచ్చి ఎవరు ఆపారని అడిగాడు. చెప్పకుండా షాఫ్టు ఆపితే నేతవాళ్లకి ఆ రోజే ఉద్వాసన, మేస్త్రీకి అయితే ఆపే అధికారం ఉంది. అప్పుడు మగ్గం కింద నుంచి గ్రీజు మొహంతో పాక్కుంటూ బయటికొచ్చిన ఇరవై ఆరేళ్ల మేస్త్రీ, నోట్లో నట్టు తీసి, అన్నాడు, నేను. అప్పటికి ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. మొదటి రోజు ఆ మాట ఆమె కోసమే అన్నాడు, ఒట్టు. తర్వాతి రోజు టీ కొట్లో ఎవరో భుజం తట్టి నువ్వేనటగా అంటే, కాదనడానికి నోరు తెరిచాడు, లోపలి నుంచి అవుననే వచ్చింది. మూడో రోజుకి అరవై గజాలొచ్చాయి. ఆమెని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేని రోజులొచ్చాయి, పెళ్లయింది, కూతురు పుట్టింది, మిల్లే మూతపడింది, షాఫ్టుని పాత ఇనుములో అమ్మేశారు, ఇంక ఎవరి కోసం? అయినా నేనే లాగుతున్నాను మీట. ఆవిడ ఎప్పుడూ నిలదీయలేదు, వెనకాల నిలబడి పెదవులు కదిపేది, అంతే. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో డాక్టరు ఈవిడకి మాట పడిపోయిందన్నాడు. పడిపోలేదు, గొంతు వాడటం మానేసింది, షెడ్డుకి తిరిగి వెళ్లింది. రోజంతా మాట్లాడింది, కిటికీ మూయమనీ, చొక్కా మార్చుకోమనీ, మనవరాలు మంచం పక్కన కూర్చుని ఆ పెదవుల కేసే చూస్తుండేది, చిన్నప్పటి నుంచి అమ్మమ్మ దగ్గరే నేర్చుకుంది ఆ చదువు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఈయన ఎన్నడూ అడగలేదు. ఇంత కుతూహలం గల మనిషి అదొక్కటీ ఎందుకు అడగలేదు?

గాజుపలక అవతల ఏదో మారింది. ఇరవై గజాల నుంచి ఏ పెదవినైనా చదివేస్తానని ఆయన పొద్దున బస్సులో కండక్టరుకి కూడా చెప్పాడు, లోపల ఏం జరిగితే అది నాకు తెలిసిపోతుందిలే అని. తెలిస్తే ఒట్టు. ఆ పెన్సిలావిడ పెదవులు ఇంగ్లీషులో కదులుతున్నాయి, అది కూడా పక్క నుంచి, సగం నోరే కనపడుతోంది, ఆయనకి అందులో ఒక్క ముక్క అందలేదు, నిజానికి మిల్లులో పని చెయ్యని వాళ్ల తెలుగు పెదవులు కూడా ఆయనకి ఎన్నడూ అందలేదు, జనం నోరు విప్పకుండా మాట్లాడతారు, మహా పిసినార్లు. అందింది ఒకటే. పెన్సిలావిడ పేజీ తిప్పి, వేలు పెట్టి, ఏదో అడిగింది, మనవరాలు నోరు తెరిచి, మూసేసింది. మళ్లీ తెరవబోయింది. కుడి చేత్తో ఎడమ బొటనవేలిని పట్టుకుని నొక్కుకుంటోంది, అచ్చం వాళ్లమ్మమ్మ, చెప్పాల్సింది ఉండి చెప్పనప్పుడు ఆవిడ వేలు అలాగే నలిగేది. పెన్సిలావిడ ఎదురుచూస్తోంది, కోపంగా లేదు, మెడ కాస్త వంచి, నిజంగా వినాలని. పిల్ల తలుపు కేసి చూసింది, గాజులోంచి తాత కనపడ్డాడు, చటుక్కున చూపు దించుకుంది. అప్పుడు తెలిసింది ఆయనకి. ఆ పిల్లకి జవాబు రాక కాదు.

లేచాడు. ఒళ్లోని పుస్తకం జారి నిఘంటువు మీద పడింది. గుమాస్తా అమ్మాయి, "తాతగారూ, లోపలికి వెళ్లకూడదండీ," అంటూ లేచింది. వెళ్లను తల్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు, అక్కర్లేదు కదా, మధ్యలో తలుపుంటే ఏమిటి, రెండు వందల మగ్గాలుంటే ఏమిటి. గాజుకి దగ్గరగా నిలబడ్డాడు, కళ్లజోడు తీశాడు, అది లేకపోతే తన మొహం పిల్లకి బాగా కనపడుతుంది. మనవరాలు తలెత్తేదాకా ఆగాడు. ఇన్నివేల సార్లు చెప్పిన కథ, ఇప్పుడు రెండు మాటలు చెప్పడానికి పెదవులు రావడం లేదు. తర్వాత బాగా విప్పి, పాతవాళ్లు విప్పినట్టు విప్పి, చప్పుడు లేకుండా అన్నాడు, మీట లాగింది నేను కాదు. అమ్మమ్మ.

పిల్ల మొహం ఏమీ ఆశ్చర్యపోలేదు. బల్ల దగ్గర ఎవరూ చూడకుండా, పెదవులతో అంది, తెలుసు. మళ్లీ అంది, చెప్పనా?

ఏళ్ల తరబడి ఒక మనిషి ఆయన వెనక నిలబడి అడిగింది ఇదే కదా, అద్దంలో కనపడ్డా ఆయన జవాబివ్వనిది. చెప్పు, అన్నాడు. గుండె మీద వేలు పెట్టుకుని, కాదన్నట్టు ఊపి, చెప్పు తల్లీ, మొత్తం చెప్పు. మనవరాలు బొటనవేలు వదిలేసింది, పెన్సిలావిడ వైపు తిరిగింది, మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే, ఆయనకి అందని పెదవులతోనే, కానీ మధ్యలో రెండు చేతులూ పైకెత్తి గాలిలో దేనికో వేలాడినట్టు చూపించింది, పెన్సిలావిడ చెవి మీది పెన్సిల్ తీసింది.

గంట కాదు, గంటా పది నిమిషాలయింది తలుపు తెరుచుకునేసరికి. లోపలి వాళ్లు పిల్ల చెయ్యి పట్టుకుని ఊపారు, గుమాస్తా అమ్మాయి చిల్లులు పొడిచే మిషను పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టింది, పెన్సిలావిడ వెళ్తూ వెళ్తూ ఆయన దగ్గర ఆగి ఏదో అంది, ఆయన తల ఊపాడు, ఏమన్నదో తెలియదు గానీ ఆమె నోరు పూర్తిగా విప్పి మాట్లాడింది, అది బాగుంది. మెట్లు దిగుతుంటే అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసే?"

"ఏడో క్లాసు నుంచి. నువ్వు కథ చెప్తుంటే అమ్మమ్మ వెనకాల నుంచి చెప్పేదిగా."

"మరి రాయలేదేం? అమ్మమ్మ మాట కూడా ఉంటే ఆవిడ ఆ పదక్షరాలు రాసేది కాదుగా."

"నువ్వు చదువుతావని."

"నాకు ఇంగ్లీషెక్కడిదే?"

"ఎవరో ఒకళ్లని పట్టుకుని చదివించుకుంటావని తెలీదా ఏంటి." భుజంతో తోసింది. "ఇప్పుడు ఇద్దరివీ రాయాలి. ఒకటే సవరణ. ఇంకో మాట చెప్పనా, ఆ అపోక్రిఫల్‌ని ఆవిడ కొట్టెయ్యనివ్వలేదు తాతయ్యా. అధ్యాయం మొదటి వాక్యంలో పెట్టమంది. జనం ఆ కథని అలాగే ఎందుకు చెప్పుకున్నారో అక్కడి నుంచి మొదలుపెట్టాలంట."

"బహుశా అని కూడా పెట్టు దాని ముందు. అలా పెడతారట."

ఆమె మెట్ల మీదే ఆగిపోయి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది, నవ్వాపుకుని, సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ అంచున పెన్ను పెట్టింది. "సరే, మర్చిపోకముందే చెప్పు. మగ్గాలు నిజంగా ఎన్ని?"

"రెండు వందల పన్నెండు," అన్నాడు గట్టిగా, నిజాయితీగా, పక్కన మెట్లెక్కుతున్న ఇద్దరు కూడా వినేలా. ఆమె రాసుకుంది. గేటు దాటారు. రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి, హారన్లు, ఎవరి మాట ఎవరికీ వినపడని మోత, ఆయన ఒంటికి ఎంతో హాయిగా ఉంది, ఎన్నాళ్లకో సొంత గదిలోకి వచ్చినట్టు. పది అడుగులు వేసి మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆమె తిరిగి చూసేదాకా ఆగి, మోత మధ్యలో, గొంతు లేకుండా, పెదవులు మాత్రం శుభ్రంగా విప్పి ఒప్పుకున్నాడు.

తొంభై ఆరు.